అమెరికాలో వలస చట్టం బిగిస్తే ప్రైవేట్ డిటెన్షన్ కంపెనీలకు ఎంత ముడుతుంది? లెక్క చూసుకోవడం ఎలా?

2019 జనవరి చివర్లో ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో మన తెలుగు పిల్లలు చాలామంది అరెస్టయినప్పుడు అందరం లాయర్ల నంబర్లు, బాండ్ సంగతులు పంచుకున్నాం. మనిషిని అలా నిర్బంధంలో ఉంచినందుకు రోజుకు ఎవరు ఎవరికి ఎంత కడతారన్నది మాత్రం అప్పుడు నాకు తట్టలేదు. ఇమిగ్రేషన్ పోలీసులు, అంటే ఐసీఈ వాళ్ళు నిర్బంధించిన వాళ్ళలో దాదాపు 90 శాతం మంది ప్రైవేట్ కంపెనీలు నడిపే సెంటర్లలోనే ఉంటున్నారు. వాటిలో పెద్దవి రెండు, జీఈఓ గ్రూప్, కోర్‌సివిక్. రెండూ షేర్ మార్కెట్లో ఉన్నాయి కాబట్టి లెక్కలు బయట పెట్టక తప్పదు, ఎవరైనా చదువుకోవచ్చు.

1. ముందు చట్టంలో "ఉంచవచ్చు" అని ఉందా, "ఉంచాల్సిందే" అని ఉందా చూడండి

వార్తల్లో ఎన్నేళ్ళ శిక్ష అన్నదే పెద్ద అక్షరాల్లో వస్తుంది. కంపెనీకి అంతకన్నా ముఖ్యం ఈ ఒక్క మాట. 1996 వలస చట్టం చాలా కేసుల్లో "ఉంచాల్సిందే" అంది. 2025 జనవరి 29న సంతకమైన లేకెన్ రైలీ చట్టం ఇంకా ముందుకెళ్ళి, పత్రాల్లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళు దొంగతనం, షాపులో వస్తువు ఎత్తేయడం లాంటి కేసులో అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకపోయినా నిర్బంధంలో పెట్టాలంది. బాండ్ మీద బయటికొచ్చే దారి మూసుకుపోతే మనిషి లోపలుండే రోజులు పెరుగుతాయి. కంపెనీ అమ్ముకునేది ఆ రోజుల్నే.

2. డబ్బు కేటాయించారా?

చట్టం ఉండి బడ్జెట్ లేకపోతే పడక, అంటే ఒక మనిషిని నిర్బంధంలో ఉంచే చోటు, రాదు. 2009లో ఆమోదించిన బడ్జెట్లో అమెరికా కాంగ్రెస్ 33,400 పడకలు సిద్ధంగా ఉంచాలని ఏకంగా సంఖ్యే రాసింది. తర్వాత అది 34,000 అయింది, 2017లో ఆ షరతు తీసేశారు. 2025 జులై 4న సంతకమైన చట్టంలో నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్ల డాలర్లు పెట్టారు. ఆ ఏడాది జనవరిలో 40 వేల లోపున్న నిర్బంధితులు ఆగస్టుకల్లా 60 వేలు దాటారు. ఈ సంఖ్యలు ఐసీఈ సైట్లోనే ఉంటాయి, సిరక్యూస్ యూనివర్సిటీలో మొదలైన ట్రాక్ అనే సంస్థ వాటిని సులువుగా అర్థమయ్యేలా పెడుతుంది.

3. కాంట్రాక్టు ఏ రకమో కనుక్కోండి

అసలు కిటుకంతా ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. పెళ్ళికి క్యాటరింగ్ మాట్లాడుకోవడం గుర్తు తెచ్చుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకడు ప్లేటుకి ఇంత అంటాడు, తిన్నన్ని ప్లేట్లకే డబ్బు. ఇంకొకడు 300 ప్లేట్లకు తగ్గితే కుదరదు, 200 మందే వచ్చినా 300కి కట్టాల్సిందే అంటాడు. ఫంక్షన్ హాలు వాడికైతే ఎంతమంది వచ్చినా రాకపోయినా అద్దె అదే. డిటెన్షన్ కాంట్రాక్టులూ ఈ మూడు రకాలే: మనిషికి రోజుకి ఇంత, కనీస సంఖ్యకు హామీ, నెలకు ఇంత అని స్థిరమైన మొత్తం. మొదటి రకంలో చట్టం బిగిస్తే ఆదాయం పెరుగుతుంది, సడలిస్తే పడిపోతుంది. మిగతా రెండింట్లో పడకలు ఖాళీగా ఉన్నా ప్రభుత్వం కడుతూనే ఉంటుంది.

టెక్సస్‌లోని డిల్లీ (Dilley) అనే ఊళ్ళో ఉన్న సెంటర్ చూడండి. 2024లో మూతబడిన ఈ సెంటర్‌ను మళ్ళీ తెరవడానికి 2025 మార్చిలో కోర్‌సివిక్‌కు కాంట్రాక్టు వచ్చింది. 2,400 పడకలు, పూర్తిగా నడిస్తే ఏడాదికి సుమారు 18 కోట్ల డాలర్లు వస్తాయని కంపెనీయే చెప్పింది. పడకలతో, 365 రోజులతో భాగిస్తే పడకకు రోజుకి దాదాపు 205 డాలర్లు. అది స్థిర చెల్లింపు కాంట్రాక్టు. ఈ భాగహారం చేస్తున్నప్పుడు నాకు మనసు పాడైంది, ఎందుకంటే అది కుటుంబాలను ఉంచే సెంటర్, ఆ పడకల్లో పడుకునేది తల్లులు, చిన్నపిల్లలు.

ఇంకొకటి మర్చిపోకండి. మనిషిని బయటికి వదిలినా జీఈఓకి ఆదాయం ఉంటుంది. కాలికి కట్టే ట్రాకర్లు, ఫోన్ యాప్‌తో నిఘా పెట్టే బీఐ అనే కంపెనీని అది 2011లోనే కొనేసింది.

4. టెన్-కే తెరవండి

కంపెనీ ఏటా ఇచ్చే నివేదిక పేరు టెన్-కే, ఎడ్గర్ అనే ప్రభుత్వ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. అంతా చదవక్కర్లేదు, మా వ్యాపారానికి ఉన్న ప్రమాదాలు ఇవీ అని వాళ్ళే రాసుకునే భాగం చాలు. వలస చట్టాల అమలు సడలితే మాకు గిరాకీ తగ్గొచ్చని అందులో నేరుగా ఉంటుంది. ఆదాయంలో ఐసీఈ వాటా ఎంత, ఖాళీగా ఉన్న పడకలెన్ని అన్నవి కూడా రాసిపెట్టుకోండి.

5. షేర్ ధర చూసి తీర్పు చెప్పొద్దు

2016 ఆగస్టులో న్యాయశాఖ ప్రైవేట్ జైళ్ళను తగ్గిస్తామనగానే ఈ షేర్లు కుప్పకూలాయి, నవంబర్‌లో ట్రంప్ గెలిచిన మర్నాడు కోర్‌సివిక్ షేరు ఒక్కరోజులో 40 శాతం పైన ఎగిరింది. అదే 2025లో నిర్బంధితులు పెరుగుతూనే ఉన్నా జీఈఓ షేరు ఏడాది మొదట్లో ఉన్న ధర కన్నా కిందే ముగిసింది. మూసిన సెంటర్ తెరవాలంటే గార్డులను తీసుకోవాలి, ట్రైనింగ్ ఇవ్వాలి, ఖర్చు ముందు, రాబడి తర్వాత. కోర్టులూ అడ్డొస్తాయి: కాన్సాస్‌లోని లెవెన్‌వర్త్‌లో కోర్‌సివిక్ సెంటర్‌ను నగరం పర్మిట్ లేకుండా తెరవకూడదని 2025లో జడ్జి ఆపేశారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో నిర్బంధితులతో రోజుకి ఒక్క డాలర్‌కి పని చేయించుకున్న కేసులో 2021లో తీర్పు జీఈఓకి వ్యతిరేకంగా వచ్చింది, కట్టాల్సింది 2.3 కోట్ల డాలర్ల పైనే.

6. చివరగా మీ 401కే (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) చూడండి

అమెరికాలో ఉద్యోగం చేస్తుంటే ఇది తప్పకుండా చేయండి. మార్కెట్ మొత్తాన్ని కొనే ఇండెక్స్ ఫండ్లలో, చిన్న కంపెనీల ఫండ్లలో ఈ రెండూ ఉండే అవకాశం ఎక్కువ. ఫండ్ సైట్లో అది ఏయే షేర్లు కొన్నదో చూపే జాబితా ఉంటుంది, అందులో జీఈఓ, సీఎక్స్‌డబ్ల్యూ (కోర్‌సివిక్ షేరు గుర్తు ఇదే) అని వెతకండి. వాటా చాలా చిన్నదే ఉంటుంది, కానీ ఉంటే ఉన్నట్టే. వద్దనుకుంటే ఈ షేర్లు లేని ఫండ్ మన ప్లాన్‌లో చేర్చగలరా అని హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఇంకో నలుగురు కొలీగ్స్ కూడా అదే అడిగితే ఆ మెయిల్‌కి జవాబు త్వరగా వస్తుంది.