పిట్ట ఉబ్బి కూర్చుందా? పంజరంలో కనబడే లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

బడ్జీ (పంజరంలో పెంచే చిన్న చిలక జాతి పిట్ట) మొత్తం బరువు 30 నుంచి 40 గ్రాములు. అందులో 4 గ్రాములు తగ్గితే పదో వంతు పోయినట్టే, అయినా ఈకల కింద ఆ తేడా కంటికి ఆనదు. పైగా గద్దలకు దొరికే జాతి కనుక నీరసాన్ని బయటపడనీయదు. ఓపిక పూర్తిగా అయిపోయాకే పంజరం అడుగున కూలబడుతుంది. అందుకే గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా దగ్గరుంచుకుని, వారానికి రెండుసార్లు పొద్దున్నే మేత పెట్టకముందు తూచి రాసిపెట్టండి. కింది సమస్యల్లో సగం ఆ అంకెల్లోనే ముందు కనబడతాయి.

గిన్నె నిండుగానే ఉంది, పిట్ట చిక్కిపోతోంది

ముందు గిన్నెలోకి ఊదండి. బడ్జీ గింజను ఒలిచి లోపలి పప్పు తిని, పొట్టును అక్కడే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండా గింజలే ఉన్నట్టుంటుంది, ఊదితే పొట్టంతా ఎగిరిపోయి అడుగున నాలుగు గింజలు కూడా మిగలవు. నిండు గిన్నె ముందే పిట్టలు పస్తుండి చనిపోతాయి. రోజూ పొట్టు ఊదేసి, పిట్టకు ఒకటిన్నర నుంచి రెండు టీస్పూన్ల గింజలు కొత్తగా వేయండి.

గింజలు నిజంగా తింటూనే చిక్కుతుంటే రెట్ట చూడండి. ముదురాకుపచ్చ మలం, తెల్లటి సున్నం లాంటి భాగం, కాస్త నీరు ఉంటే మామూలే. ఆకుకూర తిన్న రోజు నీళ్లగా వేసినా, గుడ్లు పొదిగే ఆడపిట్ట పెద్ద ముద్దలు వేసినా కంగారు అక్కర్లేదు. రెట్టలో అరగని గింజలు కనబడితే మాత్రం పొట్టలో ఫంగస్ చేరి ఉండొచ్చు. తాజా రెట్టను డాక్టరు మైక్రోస్కోపు కింద చూడాలి. నీళ్లలో యాంటీబయాటిక్ కలపడం దీనికి పనికిరాదు.

అద్దానికో తోటి పిట్టకో తల ఊపుతూ మేత కక్కి తినిపించడం ప్రేమ. తల విదిలిస్తూ చుట్టూ చిమ్మి, తలమీద ఈకలు జిగటగా అంటుకుంటే అది వాంతి. ఆరోజే చూపించండి.

ఈకలు ఉబ్బించుకుని, ఊపిరికోసారి తోక ఎగరేస్తోంది

కారణం ఏదైనా మొదటి పని వెచ్చదనం. పంజరాన్ని మూడు వైపులా గుడ్డతో కప్పి, ఒక పక్క నుంచే వేడి తగిలేలా పెట్టి, కూర్చునే కర్ర ఎత్తులో 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉండేట్టు చూడండి. రెండో పక్క చల్లగా వదిలేస్తే ఎటు కావాలో పిట్టే అటు జరుగుతుంది. రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని అర్థం. గింజలు, నీళ్లు అందేంత దగ్గర పెట్టి డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

బాగున్న పిట్టలు ఒక్కసారిగా అన్నీ రొప్పుతుంటే వంటగది వైపు చూడండి. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగ నిమిషాల్లో చంపేస్తుంది. పంజరాన్ని వెంటనే గాలిలోకి తీసుకెళ్లండి. నాన్‌స్టిక్ వాడే గదికి దగ్గర్లో పిట్టల్ని ఉంచనే కూడదు.

ఆడపిట్ట అడుగున కూర్చుని ముక్కుతోంది

గుడ్డు అడ్డంపడి ఉండొచ్చు. బడ్జీ రోజు విడిచి రోజు ఒకటి చొప్పున 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది. ఉత్త గింజల మీద బతికే పిట్ట ఒంట్లో అన్ని పెంకులకు సరిపడా కాల్షియం ఉండదు. కాల్షియం చాలకపోతే కండరం కూడా గుడ్డును నెట్టలేదు. పంజరాన్ని 30 డిగ్రీల దగ్గర ఉంచి, పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టి గాలిలో తేమ పెంచండి. గంట రెండు గంటల్లో గుడ్డు రాకపోతే డాక్టరు కాల్షియం ఇంజెక్షన్ ఇవ్వాల్సిందే. పొట్ట నొక్కొద్దు. లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

మళ్లీ రాకుండా కటిల్‌బోన్ (కాల్షియం ఉండే సముద్రజీవి పెంకు) ఎప్పుడూ వేలాడదీయండి. ఎండ నేరుగా తగలాలి, ఎందుకంటే విటమిన్ డి తయారుచేసే కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. పంజరంలో సగం మాత్రం నీడలో ఉంచండి. ఆగకుండా గుడ్లు పెడుతుంటే గూడు పెట్టె తీసేసి, రోజుకు 14 గంటలు చీకట్లో ఉంచండి. పెట్టిన గుడ్లను వెంటనే తీయకండి, తీసేకొద్దీ ఇంకా పెడుతుంది.

ముక్కు చుట్టూ సున్నం పేరుకున్నట్టుంది

భూతద్దంతో చూస్తే ఆ పొరలో తేనెపట్టు లాంటి సన్నటి రంధ్రాలు కనబడతాయి. అవి చర్మంలోకి తొలుచుకుపోయే మైట్స్ అనే కంటికి ఆనని పురుగులు చేసినవి. గోకి తీయొద్దు. డాక్టరు బరువుకు లెక్కగట్టి ఇచ్చే పురుగుల మందు ఐవర్‌మెక్టిన్‌ను మెడ వెనక చర్మం మీద వేయాలి, చెప్పిన గడువుకు మళ్లీ వేయాలి. పశువుల మందును అంచనాగా వేయకండి. 35 గ్రాముల ప్రాణికి ఒక చుక్క ఎక్కువైనా విషమే. చెక్క కర్రలు పారేసి, పంజరంలోని పిట్టలన్నిటికీ చికిత్స చేయించండి.

గినీ పిగ్, కుందేలు, హామ్‌స్టర్ మందకొడిగా ఉంటే

గినీ పిగ్ కుంటుతూ, పట్టుకుంటే అరుస్తుంటే విటమిన్ సి లోపం కావచ్చు. మనలాగే దానికీ ఒంట్లో అది తయారవదు. కిలో బరువుకు రోజుకు కనీసం 10 మిల్లీగ్రాములు, జబ్బు చేస్తే 30 దాకా కావాలి. నీళ్లలో కలిపితే పాడైపోతుంది, రోజూ క్యాప్సికమ్ ముక్క పెట్టడం మేలు. కుందేలు 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు ఆగిపోయినా పేగులు నిలిచిపోతున్నట్టే, తెల్లారేదాకా ఆగొద్దు. హామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) తోక కింద తడి, దుర్వాసన ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఈ మూడింటికీ నోటి ద్వారా అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం పోతుంది.

అన్నిటికంటే ముందు నీళ్ల సీసా గొట్టం చివరి గోళీని వేలితో తట్టండి. చుక్క పడకపోతే గోళీ ఇరుక్కుంది, లేదా లోపల గాలి పట్టింది. గొట్టం కడిగి, సీసాను పూర్తిగా నింపి, బిగించి తలకిందులు చేయండి. వేలికి తడి తగిలాకే పంజరానికి తగిలించండి.