మార్చి తొందర, మూడేళ్ళ శిక్ష: ఓడిన ఫుట్‌బాల్ టీమ్‌కి ఆఫ్‌సీజన్ జాగ్రత్తలు

నేను చెప్పేది కాలితో ఆడే ఫుట్‌బాల్ గురించి కాదు, అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆడే ఫుట్‌బాల్ గురించి. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ ఊళ్ళలో ఉండే తెలుగువాళ్ళకి మన ఊరి టీమ్ లయన్స్ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. 2008లో ఆడిన 16 ఆటలూ ఓడిన టీమ్ అది. 2021లో కొత్త కోచ్ డాన్ క్యాంప్‌బెల్, కొత్త జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ వచ్చిన ఏడాది కూడా గెలిచింది మూడే. అదే టీమ్ 2023లో 12, 2024లో 15 గెలిచింది. మైదానంలో గెలవడానికి ముందు వాళ్ళు గెలిచింది ఆటలు లేని ఆఫ్‌సీజన్లలోనే. అందుకే ఓడిపోయిన ఏ టీమ్‌కైనా జనవరి నుంచి ఆగస్టు దాకా ఉన్న కాలమే అసలు గండం అంటాను. ఆట ఓడితే వారంలో ఇంకో ఆట ఉంటుంది. మార్చిలో రాసిన తప్పుడు కాంట్రాక్టు మాత్రం మూడేళ్ళు వెంటపడుతుంది.

డబ్బు సంచి విప్పే ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. ఉన్న ఆటగాళ్ళలో మూడేళ్ళ తర్వాత కూడా పనికొచ్చేవాళ్ళు ఎంతమంది? నలుగురైదుగురికి మించి లేకపోతే, ఒక్క పెద్ద పేరు కొన్నంత మాత్రాన టీమ్ బాగుపడదు. ఆ నిజం ఓనర్‌కి మొహం మీద చెప్పే మనిషి ఆఫీసులో ఒక్కరైనా ఉండాలి.

తర్వాత డెడ్ మనీ. ఇది అర్థం కాకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి టీమ్‌కీ జీతాల మీద గట్టి పరిమితి ఉంది, 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. ఒక ఆటగాడికి నాలుగేళ్ళ కాంట్రాక్టు, 4 కోట్ల సైనింగ్ బోనస్ ఇచ్చారనుకుందాం. డబ్బు ముందే చేతికి వెళ్ళిపోతుంది కానీ, పరిమితి లెక్కలో ఏడాదికి కోటి చొప్పున రాస్తారు. రెండేళ్ళకే అతన్ని తీసేస్తే మిగిలిన 2 కోట్లు లెక్కలో మీద పడతాయి. మనిషి ఉండడు, భారం ఉంటుంది. డెన్వర్ బ్రాంకోస్‌కి జరిగింది ఇదే. 2022లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) రస్సెల్ విల్సన్‌ని తెచ్చుకుని, తమ తరఫున ఒక్క ఆట ఆడకముందే అయిదేళ్ళకి 24.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు పొడిగింపు ఇచ్చారు. 2024 మార్చిలో వదిలేసుకున్నారు. రెండేళ్ళ లెక్కలో కలిపి 8.5 కోట్ల డెడ్ మనీ మిగిలింది. కాబట్టి సంతకానికి ముందే అడగాల్సిన ప్రశ్న: రెండో ఏడు చివర ఇతన్ని వదులుకోవాలంటే మనకి ఎంత పడుతుంది?

మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్ళని ఏ టీమైనా తీసుకునే కాలం) తలుపు తెరిచిన మొదటి గంటల్లో ధరలు మండిపోతాయి. మనలాంటి అభిమానులం కూడా టెన్షన్ పెడతాం, కొనండి కొనండి అని. కానీ ఒక ఆటగాడి మోకాలు, మనసు, క్రమశిక్షణ అతని పాత టీమ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. వాళ్ళు ఎందుకు వదిలేస్తున్నారో కనుక్కోవాలి. పది రోజులు ఓపిక పడితే మంచి ఆటగాళ్ళే ఏడాది, రెండేళ్ళ కాంట్రాక్టుకి దొరుకుతారు. పాత టీమ్ తీసేసినవాళ్ళని తెచ్చుకుంటే ఇంకో లాభం ఉంది. కాంట్రాక్టు ముగిసి మన దగ్గర్నుంచి వెళ్ళిపోయినవాళ్ళకి బదులుగా లీగ్ ఇచ్చే అదనపు పిక్‌ల (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతుల) లెక్కలో వీళ్ళు రారు, అంటే ఆ పిక్‌లకి దెబ్బ తగలదు.

కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా, ఎక్కువ ఓడినవాళ్ళు ముందుగా, ఎంచుకునేదే డ్రాఫ్ట్. ఆ డ్రాఫ్ట్ పిక్‌లు విత్తనపు వడ్లు. ఎంత ఆకలేసినా వండుకోకూడదు. 2023లో కరోలినా పాంథర్స్ మొదటి పిక్ కోసం షికాగో టీమ్‌కి తమ తొమ్మిదో పిక్, రెండో రౌండ్ పిక్, మంచి రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) డీజే మూర్, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్ ఇచ్చేశారు. తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌కి ముందు నిలబడి కాపాడే లైన్ సరిగ్గా లేదు. పాపం, ఆ కుర్రాడు ఆ ఏడాది 62 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టేశారు. టీమ్ రెండే గెలిచి పదిహేను ఓడి, 2-15తో అట్టడుగున నిలిచింది. దాంతో 2024లో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటి పిక్ షికాగో చేతికి వెళ్ళింది. ఓడిన టీమ్ వచ్చే ఏడు కూడా ఓడే అవకాశం ఎక్కువ, అందుకే దాని పిక్ అందరికంటే విలువైనది.

క్వార్టర్‌బ్యాక్ కంటే ముందు లైన్ చూసుకోండి. 2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ మొదటి పిక్‌గా తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్ ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ అయి నేల కరిచాడు. లయన్స్ కొత్త యాజమాన్యం 2021లో మొట్టమొదట తీసుకున్నది పెనెయ్ సూయెల్‌ని, బంతి ముట్టని లైన్‌మన్‌ని. అది నాకు ఇప్పటికీ నచ్చే నిర్ణయం.

ఆ ఏడాది జనవరిలో మా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చేస్తున్నారని తెలిసిన రాత్రి నాకు బాగా గుర్తు. కోవిడ్ రోజులు. నలుగురు స్నేహితులం వాట్సాప్ కాల్‌లో ఉన్నాం, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పన్నెండేళ్ళు మా కోసం దెబ్బలు తిన్న మనిషి. బదులుగా వచ్చింది రామ్స్ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్, రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్. ఏడాది తిరిగేసరికి స్టాఫర్డ్ రామ్స్‌తో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. మేం మాత్రం ఎదురుచూశాం. ఆ పిక్‌లలో ఒకటి 2023లో ఆరో నంబర్ అయింది. హోమ్స్ దాన్ని పట్టుకుని వేలాడలేదు. అరిజోనాతో బేరం చేసి పన్నెండో పిక్‌కి దిగి జమీర్ గిబ్స్ అనే ఆటగాడిని, అదే బేరంలో వచ్చిన 34వ పిక్‌తో సామ్ లాపోర్టాని తెచ్చాడు. అభిమానించే ఆటగాడిని ఇవ్వాల్సి వస్తే, అతనికి విలువ ఉన్నప్పుడే ఇవ్వాలి. గౌరవంగా ఇవ్వాలి.

కోచ్ విషయంలో ఒక మాట. 2022లో లయన్స్ 1-6తో మొదలుపెట్టారు. రేడియోలో, ఆఫీసులో అందరూ క్యాంప్‌బెల్‌ని తీసేయమన్నారు. తీయలేదు. ఆ సీజన్ 9-8తో ముగిసింది. ఆటగాళ్ళని ఒక పద్ధతికి తగ్గట్టు ఏరుకుని, మధ్యలో కోచ్‌ని మారిస్తే ఏరిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ఆగస్టులో జట్టులోని 90 మందిని 53కి తగ్గించేటప్పుడు పెద్ద జీతం తీసుకుంటున్నాడని ఎవరినీ ఉంచుకోవద్దు.

చివరిగా డ్రాఫ్ట్ మూడో రోజు, శనివారం. కెమెరాలు సగం సర్దేస్తారు, చూసేవాళ్ళు తగ్గిపోతారు. ఆ రోజు పిక్‌లని చిల్లరగా చూసి బేరాల్లో కలిపి ఇచ్చేయొద్దు. 2021లో 112వ పిక్‌గా లయన్స్ తీసుకున్నది తర్వాత స్టార్ రిసీవర్ అయిన అమోన్-రా సెయింట్ బ్రౌన్‌ని. తనకంటే ముందు తీసుకున్న 16 మంది రిసీవర్ల పేర్లూ అతనికి కంఠతా వచ్చు.