ఇంట్లో కట్టుకునే బైక్‌కి ఇనుప పార్టులు చేయించుకోవడం ఎలా?

పాత బండి ఫ్రేము, ఇంజను దగ్గర పెట్టుకుని తమ ఇష్టప్రకారం మళ్లీ కట్టుకుందామనుకునేవాళ్లకి ముందు అడ్డం పడేవి పెద్ద సామాన్లు కావు, చిన్న చిన్న పట్టీలు, ప్లేట్లు, బుష్‌లే (బోల్టు దూరే గొట్టం ముక్కలు). హ్యాండిల్ కిందికి దించితే ఫుట్‌రెస్ట్ వెనక్కి జరగాలి. సీటు పొట్టిదైతే బ్యాటరీకి కొత్త చోటు వెతకాలి. మీ కొలతకి సరిపోయేది ఏ షాపులోనూ దొరకదు, చేయించుకోవాల్సిందే.

ఈ విషయంలో విజయవాడవాళ్లు అదృష్టవంతులు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్యే లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే మిషన్) షాపులు, వెల్డింగ్ షాపులు, పాత ఇనుము అమ్మేవాళ్లు ఉంటారు. గుంటూరువాళ్లకీ ఆటోనగర్ ఉంది. అయితే వట్టి చేతులతో వెళ్లి "అన్నా, ఇలాంటిదొకటి చేసిపెట్టు" అంటే పని సరిగా రాదు. మేస్త్రి చేతిలో ఎంత పనితనం ఉన్నా, ఆ పార్టు మీద ఎంత బరువు, ఎటు నుంచి పడుతుందో ఆయనకు తెలియదు. అది మీరు ముందే తేల్చుకుని, కొలతలతో సహా చేతిలో పెట్టాలి. పార్టు నిలుస్తుందా, విరుగుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు ఏవి చేయించకూడదో చూద్దాం

బ్రేక్ కాలిపర్‌ని పట్టే బ్రాకెట్, ఫ్రంట్ ఫోర్కుని బిగించే టీ ఆకారపు పార్టు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి), చక్రాల యాక్సిల్, హ్యాండిల్ బార్. ఇవి విరిగితే మనిషి రోడ్డు మీద పడతాడు. వీటిని కంపెనీ తయారీవే కొనండి, లేదా అదే మోడల్ బండివి మంచి స్థితిలో ఉన్నవి వెతకండి. ఫ్రేము మెడ దగ్గర కోసి అతికించే పని జోలికి అసలు పోవద్దు. హెడ్‌లైట్ బ్రాకెట్, మడ్‌గార్డ్ పట్టీలు, బ్యాటరీ పెట్టె, చైన్ కవర్, నంబర్ ప్లేట్ పట్టీ, స్పేసర్లు (రెండు పార్టుల మధ్య ఎడం ఉంచే గొట్టం ముక్కలు), ఫుట్‌రెస్ట్ ప్లేట్లు మాత్రం జాగ్రత్తగా చేయించుకోవచ్చు.

చట్టం సంగతి కూడా ఇప్పుడే తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలన్నా ముందు ఆర్టీవో అనుమతి ఉండాలి. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఛాసిస్ నంబరు ఉన్నచోట గ్రైండర్ తగలనివ్వకండి. ఆ నంబరు చెరిగిన బండిని ఎవరూ కాపాడలేరు.

ఉదాహరణకు ఒకే పార్టు తీసుకుందాం: వెనక్కి జరిపిన ఫుట్‌రెస్ట్‌ని పట్టే ప్లేటు. ఇందులో కొలత, కటింగ్, డ్రిల్లింగ్, లేత్ పని, వెల్డింగ్ అన్నీ ఉన్నాయి. ఇది వస్తే మిగతావి కష్టం కాదు.

1. బరువు ఎటు నుంచి పడుతుందో చూడండి

80 కిలోల మనిషి ఒక కాలి మీద లేచి నిలబడితే ఆ బరువంతా ఒక్క ఫుట్‌రెస్ట్ మీదే పడుతుంది. గుంతలో పడి లేచినప్పుడు అది రెండు మూడింతలవుతుంది. మూడింతలనుకుంటే 240 కిలోలు. పైగా ఫుట్‌రెస్ట్ ప్లేటుకి పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి కాలు ఎంత చివర ఉంటే ప్లేటు అంతగా మెలిపడుతుంది. అందుకే రెండు బోల్టుల్నీ పక్కపక్కనే పెట్టకుండా వీలైనంత దూరంగా పెట్టాలి. వాటి మధ్య 40 మిల్లీమీటర్లకు బదులు 80 ఉంటే, అదే మెలికకి బోల్టు మీద పడే లాగుడు సగమవుతుంది. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు లేకుండా వచ్చే బలం ఇది.

2. అట్టతో చేసి చూడండి

అట్టపెట్టె ముక్క తీసుకుని ఫ్రేము మీద ఆనించి, బోల్టు రంధ్రాలు ఎక్కడ వస్తాయో వేలితో నొక్కితే అచ్చు పడుతుంది. ఆ చోట్ల చిల్లులు పెట్టి బండికి బిగించండి. సీటు మీద మీరు కూర్చుని, కాలు ఎక్కడ హాయిగా ఆనుతుందో ఇంకొకరి చేత గుర్తు పెట్టించండి. ఇది తొందరపడే పని కాదు. మోకాలు ట్యాంకుకి తగులుతోందా, మడమ సైలెన్సర్‌కి తగులుతోందా, కిక్ రాడ్ తిరిగే దారికి అడ్డం వస్తోందా, వెనక సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు చైన్ తగులుతుందా, అన్నీ చూడండి. గేర్ లివర్, బ్రేక్ లింకు ఎటు కదులుతాయో కూడా అట్ట మీదే గీయండి. ఇనుము కోశాక ఇవి బయటపడితే డబ్బు, పని రెండూ వృథా.

అట్ట సరిపోయాక దాన్నే 3 ఎంఎం ప్లైవుడ్ మీద దింపి మళ్లీ బిగించి చూస్తే ఇంకా మంచిది. అట్ట వంగి సర్దుకుంటుంది, చెక్క సర్దుకోదు. తప్పుంటే చెక్క చెప్పేస్తుంది.

రంధ్రం నుంచి రంధ్రానికి కొలవడానికి స్కేలు పనికిరాదు. వెర్నియర్ కాలిపర్ కొనండి, మామూలు రకం కూడా 0.02 ఎంఎం వరకు చూపిస్తుంది. రెండు రంధ్రాల సైజు ఒకటే అయితే ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకి కొలవండి. మధ్య దూరం నేరుగా వచ్చేస్తుంది.

3. ఏ లోహం?

మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ప్లేటు చాలు. బాగా వెల్డ్ అవుతుంది, ఓవర్‌లోడ్ అయితే పుటుక్కున విరగకుండా ముందు వంగుతుంది. ఫుట్‌రెస్ట్ లాంటి చోట ఈ గుణమే మనకు కావాలి. అల్యూమినియం తేలిక అని చాలామంది అటు మొగ్గుతారు. దాని బిగువు స్టీలులో మూడో వంతే కాబట్టి, 6 ఎంఎం స్టీలు ప్లేటుకి సమానంగా వంగకుండా నిలవాలంటే సుమారు 9 ఎంఎం అల్యూమినియం కావాలి. అప్పటికీ బరువు సగమే ఉంటుంది. అందుకే డబ్బు పెట్టగలిగితే 10 ఎంఎం 6061 రకం అల్యూమినియం మంచి ఎంపికే. కానీ దాన్ని వెల్డ్ చేస్తే ఆ చుట్టుపక్కల గట్టిదనం బాగా పడిపోతుంది, వెల్డింగ్ లేకుండా బోల్టులతో కట్టేలా గీసుకోవాలి. స్క్రాపులో దొరికిన అల్యూమినియం ముక్క ఏ రకమో ఎవరూ చెప్పలేరు, బరువు మోసే పార్టుకి అది వద్దు.

లేత్ షాపులో "ఈఎన్8 స్టీలు వేద్దాం, గట్టిగా ఉంటుంది" అంటారు. పిన్నుకీ, వెల్డ్ చేయని స్పేసర్‌కీ సరే. అందులో కార్బన్ సుమారు 0.4 శాతం ఉంటుంది కాబట్టి ముందుగా వేడి చేయకుండా వెల్డ్ చేస్తే అతుకు పక్కన పెళుసెక్కి పగులుతుంది. ప్లేటుకి వెల్డ్ చేసే బుష్ ఎంఎస్‌దే అయి ఉండాలి. ఈ మాట మేస్త్రికి గట్టిగా చెప్పండి.

బరువు ముందే తెలుసుకోవాలంటే పొడవు, వెడల్పు, మందం ఎంఎంలలో గుణించి, స్టీలుకి 7.85తో, అల్యూమినియానికి 2.7తో మళ్లీ గుణించండి. వచ్చినదాన్ని పది లక్షలతో భాగిస్తే కిలోలు. 200, 100, 6 కొలతల స్టీలు ముక్క 942 గ్రాములు తూగుతుంది.

4. గీత, కోత, చిల్లు

అట్ట టెంప్లేటుని ప్లేటు మీద పెట్టి స్క్రైబర్‌తో గీయండి. నల్ల మార్కర్ రుద్ది దాని మీద గీస్తే గీత మెరుస్తూ కనిపిస్తుంది. రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచుకి కనీసం రంధ్రం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, రెండు రెట్లు ఉంటే నిశ్చింత. లోపలి మూలలు చాకుతో కోసినట్టు పదునుగా ఉండకూడదు. పగులు మొదలయ్యేది అక్కడే. ముందు ఆ మూలలో గుండ్రంగా చిల్లు వేసి, కోత ఆ చిల్లులోకి వచ్చి ఆగేలా చూసుకోండి.

చేతి గ్రైండర్‌తో కోయొచ్చు, గార్డు తీసేసి మాత్రం వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. ప్లేట్లు రెండు వైపులకీ కావాలి కాబట్టి కంప్యూటర్ డ్రాయింగ్ వేయించి లేజర్ కటింగ్‌కి ఇస్తే రెండూ అచ్చు ఒకేలా వస్తాయి. చేత్తో కోసేటట్లయితే రెండు ప్లేట్లనీ కలిపి బిగించి ఒకేసారి చిల్లులు వేయండి.

8 ఎంఎం బోల్టుకి 8.5 రంధ్రం సరిపోతుంది. సెంటర్ పంచ్ కొట్టి, 4 ఎంఎం బిట్‌తో మొదలుపెట్టి, తర్వాత 8.5 వేయండి. ఎంఎస్‌లో ఈ సైజుకి డ్రిల్ నిమిషానికి సుమారు 900 చుట్లు తిరిగితే బాగుంటుంది, స్టెయిన్‌లెస్ అయితే అందులో సగం. ప్లేటుని వైస్‌లో కట్టకుండా చేత్తో పట్టుకుంటే బిట్ ఇరుక్కున్నప్పుడు అది గిర్రున తిరిగి వేళ్లు తీసేస్తుంది. డ్రిల్ మిషన్ దగ్గర చేతికి గ్లవ్స్ కూడా వేసుకోకండి, బిట్‌కి చుట్టుకుంటాయి. చివర్లో అంచులన్నీ ఆకురాయితో నున్నగా రుద్దాలి.

5. లేత్ పని

మేస్త్రి దగ్గరికి కాగితం మీద గీసిన బొమ్మతో పాటు, బుష్‌లో దూరే బోల్టుని, ఫుట్‌రెస్ట్‌ని కూడా తీసుకెళ్లండి. "15 ఎంఎం చాలు" అనే మాటకి ఒక్కొక్కరూ ఒక్కోలా అర్థం చేసుకుంటారు. "ఈ బోల్టు చేత్తో నెడితే దూరాలి, ఊగకూడదు" అంటే తిరుగుండదు. స్పేసర్ అయితే రంధ్రం, ఒక ముఖం ఒకే పట్టులో తీయమని అడగండి. తిప్పి పెట్టి చేసినప్పుడు ముఖాలు వంకరైతే బోల్టు బిగించగానే ప్లేటు ఒకవైపు లాక్కుపోతుంది. వెనక చక్రం స్పేసర్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, పొడవు తేడా వస్తే చైన్ తిన్నగా నడవదు.

మర వేయించేచోట చిల్లు సైజు కూడా రాసివ్వండి: 10 ఎంఎం బోల్టుకి 1.5 పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ దూరం) అయితే 8.5, 1.25 పిచ్ అయితే 8.8; 8 ఎంఎం బోల్టుకి 1.25 పిచ్ అయితే 6.8. స్టీలులో మర లోతు బోల్టు మందానికి సమానంగా, అల్యూమినియంలో ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి.

6. వెల్డింగ్

బుష్‌ని ప్లేటు మీద ఊరికే ఆనించి చుట్టూ వెల్డ్ చేస్తే బరువంతా ఆ అతుకే మోయాలి. ప్లేటుకి రంధ్రం చేసి బుష్‌ని అందులోకి దూర్చి రెండు వైపులా వెల్డ్ చేయించండి. రెండింటి బలానికీ పోలికే లేదు. ఎదురెదురుగా నాలుగు ట్యాకులు (చిన్న వెల్డింగ్ చుక్కలు) పెట్టించి, మూలమట్టంతో చూసి, తర్వాతే పూర్తి వెల్డింగ్. ఒకేవైపు నుంచి చుట్టేస్తే వేడికి వంకరపోతుంది. అయ్యాక నీళ్లు పోసి చల్లార్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది, వద్దని చెప్పండి. దానంతటదే చల్లారాలి. వెల్డింగ్‌కి బుష్ కొద్దిగా ముడుచుకుంటుంది, అందుకే లోపలి ఫైనల్ సైజు, మర పని వెల్డింగ్ తర్వాతే చేయించాలి.

6 ఎంఎం ఎంఎస్‌కి సీఓటూ వెల్డింగ్ (గ్యాస్, తీగతో చేసేది) గానీ, మంచి చేతిలో మామూలు ఆర్క్ (రాడ్డు వెల్డింగ్) గానీ సరిపోతాయి. సన్న రేకు, స్టెయిన్‌లెస్ అయితే ఆర్గాన్ వెల్డింగ్.

ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన మాటలు కొన్ని. జింకు పూత ఉన్న పైపుని, క్రోమ్ ఉన్న పార్టుని పూత పూర్తిగా తీయకుండా వెల్డ్ చేయకూడదు, ఆ పొగ విషం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన ముక్క వెల్డింగ్ వెలుగుకి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టిస్తుంది, కాబట్టి శుభ్రం చేయడానికి ఎసిటోన్ వాడి పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోల్ ట్యాంకు ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నా సొంతంగా వెల్డ్ చేసే సాహసం వద్దు. ఫ్రేము మీదే ట్యాక్ పెట్టాల్సి వస్తే ట్యాంకు దింపేసి, బ్యాటరీ వైర్లు తీసేసి, ఈసీయూ (ఇంజనుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న బండైతే దాని సాకెట్ కూడా ఊడదీయండి. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చోటుకి దగ్గరగా పెట్టాలి. కరెంటు బేరింగుల గుండా పోతే అవి పాడవుతాయి.

అతుకు మీద అనుమానం ఉంటే డై పెనెట్రెంట్ కిట్ వాడండి. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్లది కొడితే కంటికి కనబడని పగులు ఎర్రగీతలా తేలుతుంది. రంగు వేయకముందే చూడాలి.

7. బిగింపు, పూత

పూతకి ముందే బండికి కట్టి, రెండు కాళ్లతో ఎక్కి నిలబడి ఊగి చూడండి. గేర్లు అన్నీ వేయండి, బ్రేకు నొక్కండి. సరిపోతేనే పౌడర్ కోటింగ్. అది సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుతుంది కాబట్టి రబ్బరు, ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి ఇవ్వండి. మరల్లో పాత బోల్టులు బిగించి పంపండి. బోల్టు తల ఆనే చోట మందంగా పూత ఉంటే అది నలిగిపోయి బోల్టు వదులవుతుంది. అక్కడ పూత వద్దని చెప్పండి, సన్నగా ప్రైమర్ చాలు.

బోల్టులు తల మీద 8.8 అని (అది బలాన్ని చెప్పే గుర్తు) ఉన్నవే వాడండి. 8 ఎంఎం 8.8 బోల్టుకి సుమారు 25 న్యూటన్ మీటర్ల టార్క్ (బిగింపు బలం) మామూలుగా సరిపోతుంది, బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా మరలో వేసే జిగురు) ఒక చుక్క వేయండి. అల్యూమినియం ప్లేటు స్టీలు బోల్టుతో కలిసేచోట గ్రీజు పూయకపోతే వానాకాలంలో రెండూ తినేసుకుని పట్టేస్తాయి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. ఆ తర్వాత బండి కడిగిన ప్రతిసారీ వెల్డింగ్ పక్కన పూత మీద సన్న గీత, దాన్నుంచి కారిన తుప్పు మరక కనిపిస్తుందేమో వెతకండి. కనిపిస్తే దాని మీద మళ్లీ వెల్డింగ్ వేయించకండి. దాచుకున్న చెక్క టెంప్లేటుతో కొత్త ప్లేటు కోయించి, పగులు మొదలైన చోట ఈసారి మూల ఇంకా గుండ్రంగా, బోల్టుల మధ్య ఇంకా దూరంగా ఉండేలా గీయండి.