థైరాయిడ్ రిపోర్టు చదువుదాం – 4: టి3 బాగున్నా టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగింది?

మెడలోని థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్లు టి4, టి3. ఆ గ్రంథిని పని చేయించే హార్మోన్ టీఎస్‌హెచ్. దాన్ని పంపేది మెడలోని గ్రంథి కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి పాఠం మా పిన్ని పుణ్యం.

పిన్నివాళ్లది చిత్తూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మొన్న వెళ్లేసరికి రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చుంది. ల్యాబ్ కవరు నా వైపు తోసి, “అసలు పని చేసేది టి3 అన్నావు కదరా. అది నార్మలేనంట. మరి టీఎస్‌హెచ్ 9 ఎందుకొచ్చింది?” అంది.

రిపోర్టులో ఫ్రీ టి4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే టి4) 0.8 ఉంది. పక్కన వేసిన కింది హద్దు 0.9. కిటుకు అక్కడుంది.

టి4లో అయోడిన్ పరమాణువులు నాలుగు. సరైన చోట ఒకటి ఊడితే టి3. ఊడదీసే ఎంజైమ్ పేరు డీఅయోడినేజ్ 2. పిన్ని వేళ్ల మధ్య గింజ తోలు జారినట్టే. మెదడు రక్తంలో వచ్చే టి3 మీదే ఆధారపడదు. తోలుతో ఉన్న గింజలు తెచ్చుకుని చాలావరకు ఇంట్లోనే పితుక్కుంటుంది. ఆ పని న్యూరాన్లది (నాడీకణాలది) కాదు, వాటి పక్కనుండి సాయపడే ఆస్ట్రోసైట్లు అనే కణాలది. పిట్యూటరీకీ ఇదే అలవాటు. అందుకే రక్తంలో టి3 సరిపడా ఉన్నా, టి4 తగ్గగానే పిట్యూటరీకి తెలిసిపోతుంది, టీఎస్‌హెచ్ పెంచేస్తుంది.

“అయితే నా మెదడు పస్తులుంటోందా?” అంది పిన్ని. అంత టెన్షన్ అక్కర్లేదు. టి4 తగ్గితే మెదడులో ఈ ఎంజైమ్ జోరు పెంచుతుంది. లోటు కొంతవరకు అదే పూడ్చుకుంటుంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. హార్మోన్ మెదడులోకి వెళ్లడానికి ఎంసీటీ8 అనే వాకిలి ఉంది. ఆ జన్యువు దెబ్బతిన్న పిల్లలు, ఎక్కువగా మగపిల్లలు, మెడ నిలపలేరు, మాట రాదు. ఆ జబ్బును 1944లోనే వర్ణించారు, కారణం ఈ జన్యువని తేలింది 2004లో. వాళ్ల రక్తంలో టి3 ఎక్కువే, కరువంతా మెదడులో! ఇది చదివాక నేను రక్తంలో టి3 అంకె చూసి మెదడు సంగతి తేల్చడం మానేశాను.

ఇప్పుడు మీ పని. పాత రిపోర్టు తీసి టీఎస్‌హెచ్ అంకెను బొటనవేలితో మూయండి. ముందు ఫ్రీ టి4 చూసి, టీఎస్‌హెచ్ ఎక్కువా తక్కువా ఊహించి రాసుకోండి. తర్వాత వేలు తీయండి. థైరాయిడ్ మాత్ర మొదలెట్టి 6 వారాలు కాకముందు తీసిన రిపోర్టు ఈ ఆటకు పనికిరాదు, అంకెలు ఇంకా కుదురుకుని ఉండవు.

వచ్చే పాఠానికి ఒక లెక్క: ఫ్రీ టి4 బాగా తక్కువ, అయినా టీఎస్‌హెచ్ పెరగలేదు. తేడా ఎక్కడ, మెడలోనా, పైనా?