ఇంత తొందరగా ఎందుకు అమ్ముతున్నారు? కొత్తలాంటి హ్యాచ్‌బ్యాక్ కొనేముందు చూసుకోవాల్సినవి

రెండు మూడేళ్ల కారు అమ్మకానికి వచ్చిందంటే నాకు ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఇంత తొందరగా ఎందుకు అమ్ముతున్నారు? పదేళ్ల కారును ఎవరైనా అమ్ముతారు, అందులో వింతేమీ లేదు. కొత్త కారు విలువ బాగా పడిపోయేది మొదటి రెండు మూడేళ్లలోనే. ఆ నష్టమంతా భరించి, ఇక హాయిగా వాడుకోవాల్సిన టైంలో వదిలేస్తున్నారంటే ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. మంచి కారణమైతే వాళ్లకు పోయిన డబ్బు మీకు మిగిలినట్టే. చెడ్డ కారణమైతే ఆ తలనొప్పి మొత్తం కారుతో పాటు మీ ఇంటికొస్తుంది.

నేను వర్క్‌షాప్‌లో పనిచేస్తాను. కొనబోయే కారు తెచ్చి చూపించేవాళ్లు తక్కువ, కొనేశాక పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువ. కొనేశాక వచ్చినవాళ్లకు జరిగింది చెప్పాల్సి వచ్చినప్పుడు నిజంగా బాధేస్తుంది. వాళ్లలో చాలామంది ఏళ్లతరబడి కూడబెట్టిందంతా ఆ కారు మీదే పెట్టి ఉంటారు. ఒక్క గంట ముందు చూసుకుని ఉంటే సరిపోయేది.

మంచి కారణాలు బోలెడు ఉంటాయి. ఇంట్లో మనుషులు పెరిగి పెద్ద కారు కావాలనుకోవడం, ఉద్యోగం మారి దూరం వెళ్లిపోవడం, లీజు గడువు తీరడం, షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌లకు వాడిన కారును తీసేయడం. అద్దెకు తిప్పిన కార్లు కూడా వస్తుంటాయి. వాటిని పదిమంది పది రకాలుగా నడిపి ఉంటారు, కానీ సర్వీసులు మాత్రం టైంకి చేయించి ఉంటారు. కాబట్టి వాటిని చూడకుండానే కొట్టిపారేయక్కర్లేదు, ధర ఆ మేరకు తగ్గితే చాలు. అమ్మేవాళ్లు చెప్పిన కారణానికీ కారు చూపిస్తున్న దానికీ పొంతన ఉందా లేదా అన్నదే మీరు తేల్చుకోవాలి.

ఇక బడ్జెట్. చేతిలో ఉన్నదంతా కారు ధరకే పెట్టకండి. పదో వంతు పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే కారు వెతకండి. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు, అవసరమైతే రెండు టైర్లు, అన్నీ ఆ పదో వంతులోంచే రావాలి. డబ్బు బిగుతుగా ఉన్నప్పుడు పై వేరియంట్ మీద, సన్‌రూఫ్ మీద మోజు పడకండి. అదే డబ్బుకు ఏడాది తక్కువ వయసున్న మామూలు వేరియంట్ వస్తుంది. కాకపోతే ఎయిర్‌బ్యాగుల దగ్గర మాత్రం రాజీ వద్దు. ఒకే మోడల్లో కింది వేరియంట్‌కు పక్క ఎయిర్‌బ్యాగులు లేకపోవచ్చు. క్రాష్ టెస్టులో (కారును గుద్దించి చేసే పరీక్షలో) వచ్చిన స్టార్ రేటింగ్ చూసేటప్పుడు అది ఏ ఏడాది పరీక్షో కూడా చూడండి. ఆ పరీక్షలు చేసే యూరో ఎన్‌క్యాప్ గానీ, గ్లోబల్ ఎన్‌క్యాప్ గానీ తమ నిబంధనలను కాలంతో పాటు కఠినం చేస్తూ వచ్చాయి. పాత పరీక్షలో వచ్చిన నాలుగు స్టార్లూ కొత్త పరీక్షలో వచ్చిన నాలుగూ ఒకటి కావు.

ఇంజిన్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను. తక్కువ బడ్జెట్‌లో, వారంటీ అయిపోవస్తున్న కారు కొంటున్నప్పుడు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) లేని సాదా పెట్రోల్ ఇంజినే మేలు. పాడయ్యే భాగాలు తక్కువ, పాడైనా ఎవరైనా బాగుచేయగలరు. టయోటా యారిస్, హోండా జాజ్, సుజుకి స్విఫ్ట్ లాంటి వాటికి నమ్మకమైన కార్లన్న పేరు ఊరికే రాలేదు. చిన్న టర్బో ఇంజిన్లన్నీ చెడ్డవని కాదు, కానీ కొన్నిటిని తెలుసుకునే కొనాలి. ఫోర్డ్ 1.0 ఈకోబూస్ట్, పెజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ ఇంజిన్లలో కొన్నేళ్ల పాటు టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే బెల్ట్) ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగేలా పెట్టారు. ఆ బెల్ట్ అరిగి, పొట్టు రాలి, ఆయిల్ పంప్ జల్లెడకు అడ్డం పడితే ఇంజిన్‌కు ఆయిల్ అందదు. ఇలాంటి ఇంజిన్ ఉన్న కారుకు సరైన గ్రేడ్ ఆయిల్ టైంకి మార్చినట్టు బిల్లులు లేకపోతే ఎంత చవకగా వచ్చినా నేను ముట్టుకోను.

డీజిల్ హ్యాచ్‌బ్యాక్ అయితే అది ఎలాంటి రోడ్ల మీద తిరిగిందో అడగండి. కొత్తతరం డీజిల్ కార్లకు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద ఆగకుండా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగిన కారులో అది మూసుకుపోతుంది. పెట్రోల్ కారుకు కూడా పొట్టి ప్రయాణాలు మంచివి కావు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తుంటే ఆయిల్‌లో తేమ, పెట్రోల్ చేరుతాయి. అందుకే రెండేళ్లలో 40,000 కిలోమీటర్లు హైవే మీద తిరిగిన కారును, 12,000 కిలోమీటర్లు వీధిలోనే తిరిగిన కారు కంటే నేను ఎక్కువ ఇష్టపడతాను. కొనేవాళ్లు మాత్రం మీటర్ మీద అంకె చూసి రెండోదానికే ఎక్కువ ఇస్తారు.

గేర్‌బాక్స్ సంగతి. మాన్యువల్ అయితే చింత తక్కువ. ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని పంపే భాగం) ఉన్నది మొండిది, ఎక్కువకాలం నిలుస్తుంది. డ్రై క్లచ్ (ఆయిల్‌లో తడవని క్లచ్) ఉన్న డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చుకునేది, ట్రాఫిక్‌లో పాకుతూ నడిచిన కారులో ఉంటే, మొదటి రెండు గేర్ల మధ్య వణుకు వస్తుందేమో బాగా చూడాలి.

ఇప్పుడు కారు దగ్గరకు వెళ్దాం. ఫోన్‌లో ముందే చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా కొన్ని గంటలు ఆగండి, లేదా మర్నాడు వస్తామనండి. చల్లని ఇంజిన్ దాచలేని విషయాలు వేడి ఇంజిన్ దాచేస్తుంది. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని క్షణాలు రేడియో, ఏసీ ఆపి వినండి. గొలుసు రాసుకున్నట్టు గరగర వచ్చి ఆగితే టైమింగ్ చైన్ (టైమింగ్ బెల్ట్ పనే చేసే గొలుసు) వదులైందని అనుమానించాలి. సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. చలిలో కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందన్నమాట, రెండేళ్ల కారులో అది ఉండనే కూడదు.

బాడీని ఎండ వెలుతురులోనే చూడండి, చీకట్లోనూ వానలోనూ వద్దు. ముందు చూడాల్సింది పెయింట్ మెరుపు కంటే బోల్టులు. బానెట్ ఎత్తి, ఫెండర్లను (ముందు చక్రాల మీది రేకులను) బిగించిన బోల్టుల తలలను దగ్గరగా చూడండి. ఫ్యాక్టరీలో బోల్టు బిగించాకే రంగు పడుతుంది కాబట్టి బోల్టు అంచు మీదా, దాని కింద రేకు మీదా రంగు ఒకే పొరలా ఉండాలి. స్పానర్ పెట్టి తిప్పితే బోల్టు మూలల్లో రంగు పెచ్చు లేస్తుంది, అంచు చుట్టూ సన్నని పగులు కనిపిస్తుంది. ఒక పక్క బోల్టులు ముట్టుకోకుండా, రెండో పక్కవి తిప్పినట్టు ఉంటే ఆ పక్క దెబ్బ తగిలిందేమో అడగాలి. అలాగే డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట చూడండి. రేకు ముడత పడినా, అంచుల్లో సీలెంట్ వేలితో పూసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా వెనక నుంచి గట్టి దెబ్బే తగిలింది. బంపర్ గీత పడి రంగు వేయించడం పెద్ద విషయం కాదు. ఛాసిస్ (కారు అస్థిపంజరం) వరకు టింకరింగ్ జరిగిన కారు మాత్రం వద్దు.

పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటర్), కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక తలుపు మీద 110, పక్క తలుపు మీద 400 చూపిస్తే దాని కింద పుట్టీ ఉండొచ్చు. అద్దాల మూలన ఉండే ముద్రలు కూడా చూడండి. అన్ని అద్దాలూ ఒకే కంపెనీవి, దగ్గర దగ్గర తేదీలవి అయి ఉండాలి. ఒకటి తేడాగా ఉంటే దాన్ని ఎందుకు మార్చారో అడగండి.

టైర్లు మీటర్ మీద అంకె నిజమో కాదో చెప్తాయి. టైర్ పక్క గోడ మీద DOT (డాట్) అన్న ఇంగ్లీషు అక్షరాల తర్వాత వచ్చే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కారు 2022లో తయారై, మీటర్ 18,000 చూపిస్తూ, నాలుగు టైర్లూ 2024వి అయితే మొదటి టైర్లు ఏమయ్యాయి? మామూలుగా అంత తొందరగా అరగవు. టైర్ లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే అలైన్‌మెంట్ తప్పిందో, సస్పెన్షన్ వంగిందో తేల్చుకోవాలి.

నీళ్లలో మునిగిన కారు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా ముంచేది అదే. కొత్తగా పెళ్లయిన ఒక జంట కొనబోయే కారు తెచ్చి చూపించారు, ఇంకా బయానా ఇవ్వలేదు. లోపలంతా మెరుస్తోంది, సెంటు వాసన గుప్పుమంటోంది. "అన్నా, చాలా తక్కువ తిరిగింది, చూడండి ఎంత నీట్‌గా ఉందో" అంది ఆ అమ్మాయి. నేను డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా, ఇక రానంతవరకు లాగాను. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి భాగంలో అడ్డంగా మట్టిరంగు చార ఉంది, దాని కింద బట్ట బిరుసెక్కింది. సీటు వెనక్కి జరిపి రైలు బోల్టులు చూస్తే తుప్పు. కార్పెట్ లేపి చెయ్యి పెడితే కింద పొర ఇంకా చెమ్మగానే ఉంది. సీట్లు కడగొచ్చు, సెంటు కొట్టొచ్చు, బెల్టు చుట్టలోపలికి మాత్రం ఎవరూ వెళ్లి కడగరు. అలాంటి కారులో వైరింగ్ కనెక్టర్లు నెలల తర్వాత ఒక్కొక్కటీ తుప్పు పట్టి పాడవుతూ వస్తాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం కూడా ఉండదు. వాళ్లు కొనలేదు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను అందులోంచి చదవొచ్చు. ఫోన్‌కు కలిసే చిన్న స్కానర్ చవకగానే దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. అందులో తప్పుల కోడ్‌లు ఏవీ లేకపోవడం చూసి మురిసిపోకండి. అమ్మేముందు చెరిపేసి ఉండొచ్చు. రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకున్న జాబితా) అన్న చోట చూడండి. చాలావరకు 'పూర్తి కాలేదు' అని చూపిస్తే ఈ మధ్యే కోడ్‌లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చెప్తాయి. నిన్ననే చెరిపితే, ఎందుకని అడగండి.

టెస్ట్ డ్రైవ్‌కు కనీసం అరగంట తీసుకోండి. వీధి చివరిదాకా వెళ్లి వస్తే ఏమీ తెలియదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా నడిపితే టకటకమని వస్తోందా వినండి, వస్తే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) జాయింట్ పోయినట్టు. మాన్యువల్ అయితే మూడో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. గంటకు 80 దాటాక స్టీరింగ్ వణికితే చక్రాల బ్యాలెన్సింగ్‌తో పోవచ్చు, బ్రేక్ వేసినప్పుడే వణికితే బ్రేక్ డిస్కుల్లో లోపం ఉందని అనుమానించాలి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని గట్టిగా బ్రేక్ వేస్తే కారు తిన్నగా ఆగాలి. పక్కన కూర్చున్న అమ్మేవారు ఆపకుండా మాట్లాడుతుంటే కాసేపు ఆగమని మర్యాదగా చెప్పండి, శబ్దాలు వినాలి కదా.

కాగితాల్లో ఛాసిస్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి ఉండే పదిహేడింటినీ కారు మీద ఉన్నవాటితో ఒక్కొక్కటిగా సరిచూడండి. అందులో ఐ, ఓ, క్యూ (I, O, Q) అన్న ఇంగ్లీషు అక్షరాలు వాడరు. కనిపిస్తే ఏదో తేడా ఉంది. అదే నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ (లోపాన్ని ఉచితంగా సరిచేస్తామని కంపెనీ కారును వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలి ఉందా చూడొచ్చు. సర్వీసు బిల్లుల్లో తేదీ, కిలోమీటర్లు రెండూ వరసగా పెరుగుతూ రావాలి. కారు మీద అప్పు ఉంటే తీరినట్టు కాగితం, రెండు తాళంచెవులు అడిగి తీసుకోండి. రెండో తాళంచెవి లేదంటే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి, కొత్త కార్లకు తాళంచెవి చేయించడం చవక వ్యవహారం కాదు.

బేరం ఆడేటప్పుడు కారును తిట్టకండి. చూసినవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికి అయ్యే ఖర్చు కనుక్కుని, ఆ మొత్తం తగ్గించమని అడగండి. మీ మెకానిక్‌కు చూపించడానికి ఒప్పుకోనివారి దగ్గర మాత్రం ఎంత తగ్గించినా కొనొద్దు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అంటే రానివ్వండి. అలాంటి మోడల్‌వి వేలల్లో తయారయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది.

కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండి, పాత బిల్లు ఏం చెప్పినా సరే. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చాలి, మీరు కొన్న కారుకు ఆ గడువు దాదాపు వచ్చే ఉంటుంది. వారంటీ మిగిలి ఉంటే మీ పేరు మీదికి మార్పించుకోండి. అది ముగిసే నెల రాసి పెట్టుకుని, నెల ముందే ఒకసారి కారును పూర్తిగా చెక్ చేయించండి. అప్పుడు బయటపడిన లోపానికి ఇంకా కంపెనీయే డబ్బు పెట్టుకుంటుంది.