సఫోక్ పల్లెల్లో రెండు రోజుల సైకిల్ యాత్ర ఎలా చేయాలి?

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లలో చాలామంది సెలవు దొరికితే లండన్‌కో ఎడిన్‌బరోకో వెళ్తారు. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నర లోపే సఫోక్ కౌంటీలో దిగొచ్చు. అక్కడ ఐదు వందల ఏళ్ల నాటి ఇళ్లలో జనం ఇప్పటికీ కాపురాలు చేస్తున్నారు. ఆ ఊళ్లు చూడడానికి నా దృష్టిలో సైకిల్‌ని మించింది లేదు. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, నా వల్ల అవుతుందా అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. సఫోక్ మొత్తంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 128 మీటర్లే. మామూలు గేర్ల సైకిల్ మీద, మామూలు ఆరోగ్యంతో హాయిగా వెళ్లి రావచ్చు.

1. ముందు ఊళ్లు, తర్వాత కిలోమీటర్లు

రోజుకు 80 కిలోమీటర్లు అని లెక్క వేసుకుని బయలుదేరితే రోడ్డు తప్ప ఏమీ కనబడదు. నేను చెప్పే దారి ఇది. మార్క్స్ టే స్టేషన్‌లో రైలు మారి సడ్‌బరీలో దిగండి. మొదటి రోజు సడ్‌బరీ నుంచి లాంగ్ మెల్‌ఫర్డ్ మీదుగా లావెనం, సుమారు 13 కిలోమీటర్లు. రెండో రోజు లావెనం నుంచి లిండ్జీ, కర్జీ, హ్యాడ్లీ, ఈస్ట్ బర్గోల్ట్ మీదుగా మానింగ్‌ట్రీ స్టేషన్, 35 నుంచి 40 కిలోమీటర్లు. అక్కణ్నుంచి నేరుగా లండన్ రైలు ఉంటుంది.

మొదటి రోజు ఇంత తక్కువేమిటి అనుకోకండి. ఆ సాయంత్రాన్ని లావెనం కోసం ఉంచుకోవాలి.

15, 16 శతాబ్దాల్లో ఈ ప్రాంతం ఉన్ని బట్టల నేతతో కోట్లకు పడగెత్తింది. లావెనం పేరు చెబితే నీలం రంగు బట్ట. వోడ్ అనే మొక్క ఆకులతో ఆ రంగు వేసేవారు. మన నీలిమందులో ఉండే రంగు పదార్థమే ఆ ఆకుల్లోనూ ఉంటుంది. పోచంపల్లి, మంగళగిరి లాంటి చేనేత ఊళ్లు తెలిసినవాళ్లకు తర్వాతి కథ చెప్పక్కర్లేదు. వ్యాపారం పడిపోయింది, ఊరు చితికిపోయింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్థోమత ఎవరికీ లేకపోయింది. అందుకే 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్ (ఊరి సంఘం వాళ్ల సమావేశ భవనం), దాని చుట్టుపక్కల వీధులు అలాగే నిలబడి ఉన్నాయి. ఇళ్లు పక్కకు ఒరిగి, పై అంతస్తు వీధి మీదకు వంగి కనిపిస్తాయి. కట్టేటప్పుడు పచ్చి ఓక్ కలప వాడారు. పచ్చి కర్రతో చేసిన తలుపు ఏమవుతుందో మన వడ్రంగులను అడగండి, అదే అక్కడ ఇళ్లకు ఇళ్లే అయింది. పగలు వచ్చిన టూరిస్టులు సాయంత్రానికి వెళ్లిపోతారు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. సైకిల్ బసలో పెట్టేసి ఆ వీధుల్లో తీరిగ్గా తిరగండి. బస మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

2. మ్యాప్‌లో సన్నని పసుపు గీతలు వెతకండి

ఫోన్ చూపించే దగ్గరి దారిని గుడ్డిగా నమ్మకండి. లారీలు తిరిగే రోడ్డు మీదకో, దున్నిన చేనిలో బురద బాట మీదకో తీసుకెళ్లే అవకాశం ఉంది. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ (నారింజ అట్ట, 1:25,000 స్కేలు) కొనుక్కుంటే దారి ముందే అర్థమవుతుంది. సన్నని పసుపు గీతలు పల్లె రోడ్లు, మనకు కావలసినవి అవే. ఆకుపచ్చ గీతల దగ్గర జాగ్రత్త. చిన్న చిన్న ముక్కలుగా ఉంటే నడిచేవాళ్ల బాట, సైకిల్ తొక్కకూడదు. పొడుగు ముక్కలుగా ఉంటే గుర్రపు బాట, 1968 చట్టం ప్రకారం సైకిల్ కూడా వెళ్లొచ్చు. అయితే నడిచేవాళ్లకు, గుర్రాల మీద వచ్చేవాళ్లకు దారి వదలాలి.

3. సైకిల్, సామాను

సొంత సైకిల్ లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో చాలా రైళ్లలో సైకిల్ ఎక్కించనివ్వరు, కాబట్టి ముందే కనుక్కుని టికెట్ తీసుకోండి. వీపు మీద బ్యాగు వద్దు, నడుం పట్టేస్తుంది. సామానంతా వెనక క్యారియర్‌కి కట్టండి: వాన కోటు, ఒక జత బట్టలు, నీళ్లు, పంపు, పంక్చర్ కిట్, రెండు ట్యూబులు. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ చట్ట ప్రకారం ఉండాల్సిందే. హెల్మెట్‌కి చట్టం లేదు, అయినా పెట్టుకోండి.

రెండు ట్యూబులు ఎందుకో చెప్తాను. పల్లె రోడ్లకు రెండు వైపులా హాథార్న్ అనే ముళ్ల చెట్ల కంచె ఉంటుంది. వేసవి పోయాక ట్రాక్టర్లతో ఆ కంచెను కత్తిరిస్తారు, ముళ్లు రోడ్డంతా పడతాయి. ఒక అక్టోబరులో కొత్త ట్యూబ్ వేసిన ఐదు నిమిషాలకే నాకు మళ్లీ గాలి పోయింది. ముల్లు టైరులోనే ఉండిపోయింది, నేను చూసుకోలేదు. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపలి వైపు వేలు మెల్లగా చుట్టూ తిప్పండి. వేలికి గుచ్చుకున్న చోట ఆగి, ముల్లును లోపలి నుంచి బయటికి నెట్టండి. లోపల విరిగిన మొన మినప గింజంత కూడా ఉండదు, కంటికి ఆనదు. వేలికే తెలుస్తుంది. ఈ బెడద లేకుండా వెళ్లాలంటే మే, జూన్ నెలలు మంచివి.

4. రోడ్డు మీద

మన దేశంలోలాగే ఎడమ వైపే, కాబట్టి ఆ అలవాటు మార్చుకోనక్కర్లేదు. కానీ తెల్లటి గుండ్రం మీద నల్లటి ఏటవాలు గీత ఉన్న బోర్డు కనిపిస్తే, ఒక్క కారు పట్టే సందులో కూడా గంటకు 60 మైళ్ల వేగానికి అనుమతి ఉన్నట్టే. కంచె మూలంగా మలుపు అవతల ఏమీ కనబడదు. మలుపు దగ్గర వేగం తగ్గించి, చెవి అటు పెట్టండి. గుర్రం కనిపిస్తే బెల్లు కొట్టకండి, బెదిరిపోతుంది. దూరం నుంచే హలో అని పలకరించి, మెల్లగా, బాగా ఎడంగా దాటండి.

5. తిండి

చాలా పబ్బుల్లో మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంటగది మూసేస్తారు. పన్నెండున్నరకే తినేయండి. శాకాహారులకు చీజో బీన్సో వేసిన, తొక్కతోనే ఓవెన్‌లో కాల్చిన బంగాళదుంప, లేదంటే బ్రెడ్డు, చీజు, పికిల్‌తో వచ్చే ప్లౌమన్స్ లంచ్ దొరుకుతాయి. ఆ పికిల్ తియ్యగా ఉంటుంది, మన ఆవకాయ అనుకుని నోట్లో పెట్టుకోకండి. నీళ్లు అడిగితే సీసా నింపి ఇస్తారు.

6. రెండో రోజు ఆగాల్సిన చోట్లు

లిండ్జీలో గడ్డి కప్పున్న 13వ శతాబ్దపు చిన్న ప్రార్థనా మందిరం ఉంది, టికెట్ లేదు. కర్జీలో వీధి రెండు వైపుల నుంచీ వాలుగా దిగుతుంది, మధ్యలో వాగు రోడ్డు మీదుగానే పారుతుంది. వాలు మీద వేగంగా వచ్చి ఆ నీళ్లలోకి సైకిల్ దూకించాలనిపిస్తుంది. వద్దు, అడుగున పాచి ఉంటుంది. దిగి, పక్కనున్న చిన్న వంతెన మీదుగా నడిపించుకెళ్లండి.

ఈస్ట్ బర్గోల్ట్ చర్చిలో గంటల గోపురం సగంలో ఆగిపోయింది. గంటలకు 1531లో నేల మీదే ఓ చెక్క పంజరం కట్టారు. వాటిని ఇప్పటికీ తాళ్లతో కాకుండా చేతులతోనే ఊపి మోగిస్తారు. చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1776లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇక్కణ్నుంచి కిందికి దిగితే నది ఒడ్డున ఫ్లాట్‌ఫర్డ్ అనే చిన్న పల్లె. 1821లో ఆయన వేసిన ‘ది హే వెయిన్’ బొమ్మలో ఎడమ పక్కనున్న ఇల్లు అక్కడ నీటి ఒడ్డున అలాగే ఉంది. నాకు దాన్ని చూసి కదలాలనిపించదు. మీరూ ఒక గంట కేటాయించుకోండి.

ఫ్లాట్‌ఫర్డ్ నుంచి మానింగ్‌ట్రీకి నది ఒడ్డున అందమైన దారి ఉంది కానీ అది నడిచేవాళ్ల బాట. మీరు ఈస్ట్ బర్గోల్ట్‌కి తిరిగి ఎక్కి రోడ్డు మీదుగానే వెళ్లాలి. చివర్లో కొద్ది దూరం రద్దీ రోడ్డు తప్పదు, కాబట్టి వెలుగు ఉండగానే, లైట్లు వేసుకుని దాన్ని దాటేయండి.