పెరటి కోళ్లకు అనుమతి: దరఖాస్తు ఎలా పెట్టాలి

ఇళ్ల మధ్య కోళ్లు పెంచాలనుకునేవారు చాలామంది ముందు కోడిపిల్లలు తెచ్చి, తర్వాత గూడు కట్టి, ఎవరో ఫిర్యాదు చేశాక దరఖాస్తు పెడతారు. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి. మొదట నియమం చదవాలి, తర్వాత కొలతల పటం గీయాలి, అనుమతి చేతికొచ్చాకే గూడు కట్టాలి. కోళ్లు రావాల్సింది అన్నిటికన్నా చివర.

నియమం ఒకేచోట దొరకదు. కోళ్ల సంఖ్య, పుంజుల నిషేధం జంతువుల పెంపకం నిబంధనల్లో ఉంటాయి. గూడు ఎక్కడ కట్టవచ్చో భవన నిబంధనలు చెబుతాయి. వాసన, శబ్దం, రెట్ట సంగతి ప్రజారోగ్య నిబంధనల్లోకి వస్తుంది. స్థానిక సంస్థ అనుమతి ఇచ్చినా నివాసుల సంఘం నియమావళి వద్దంటే ఆ అడ్డంకి అలాగే మిగులుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

కొలతల పటం

దరఖాస్తు నిలిచేదీ పడిపోయేదీ ఈ ఒక్క కాగితం మీదే. నియమంలో ‘ఇన్ని అడుగుల దూరం’ అని ఉంటే, ఎక్కడి నుంచి ఎక్కడికో ముందు తేల్చుకోండి. కొన్నిచోట్ల సరిహద్దు గోడ వరకు కొలుస్తారు, కొన్నిచోట్ల పక్కింటి గోడ వరకు. గూడు గోడ నుంచి కొలవాలా, కోళ్లు తిరిగే కంచె అంచు నుంచా అన్నది మరో ప్రశ్న. కంచెను లెక్కలోకి తీసుకుంటే దూరం ఒక్కసారిగా పది అడుగులు తగ్గిపోవచ్చు. అనుమానముంటే రెండు కొలతలూ పటంలో వేయండి. టేపుతో కొలిచిన అంకెలే రాయాలి. అంచనా మీద రాసినవి తనిఖీ రోజున బయటపడతాయి.

నాలుగు పెట్టలకు లెక్క ఇలా ఉంటుంది. గూటి లోపల కోడికి 4 చదరపు అడుగుల చొప్పున 16, బయట తిరిగే కంచెలో కోడికి 10 చొప్పున 40. రాత్రి వాలే కర్ర కోడికి 10 అంగుళాలు, అంటే మొత్తం 40 అంగుళాలు. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టె ఒకటి చాలు, రెండుంటే తగువులుండవు. గాలి రంధ్రాలు కోళ్లు వాలినప్పుడు వాటి తలలకంటే ఎత్తున ఉండాలి. చలికని వాటిని మూసేస్తే తేమ, అమోనియా లోపలే నిలిచి కోళ్లకు ఊపిరి సమస్యలు వస్తాయి. పక్కింటివారి ఫిర్యాదు కూడా అక్కడే పుడుతుంది.

కంచెకు ఏ వల వాడతారో పటంలోనే రాయండి. ఆరు మూలల కన్నాలున్న సన్న తీగ వల కోళ్లను లోపల ఉంచుతుందే తప్ప కుక్కను ఆపలేదు, ఎలుక అందులోంచి దూరిపోతుంది. అరంగుళం కన్నాలున్న వెల్డెడ్ మెష్ వేసి, అడుగు లోతున పాతాలి.

దాణా, రెట్ట

పెద్ద పెట్ట రోజుకు దాదాపు 120 గ్రాముల దాణా తింటుంది. నాలుగింటికి నెలకు సుమారు 15 కిలోలు. దాన్ని మూత గట్టిగా పడే లోహపు డబ్బాలో ఉంచుతామని రాసి, ఆ డబ్బా చోటు పటంలో చూపండి. చాలా ఫిర్యాదులకు మూలం కోడి కాదు, రాత్రిపూట మిగిలిన గింజలకు వచ్చే ఎలుక. రెట్ట విషయంలో ‘శుభ్రంగా ఉంచుతాం’ అన్న మాట అధికారికి ఏమీ చెప్పదు. ఎన్ని రోజులకోసారి తీస్తారు, మూత ఉన్న ఎరువు తొట్టి ఎక్కడుంటుంది, పొట్టు లేదా ఎండుటాకులు ఏం కలుపుతారు అన్నవి రాయాలి.

పొరుగువారి సంతకం

సమ్మతి అడిగే చోట్ల పటం చేతిలో పెట్టుకునే వెళ్లండి. గూడు ఎక్కడో, కోళ్లు ఎన్నో, పుంజు ఉండదనీ చూపిస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఫారంలో ‘యజమాని’ అని ఉంటే ఆ ఇంట్లో అద్దెకున్నవారి సంతకం చెల్లదు. దరఖాస్తు తిరిగొచ్చే కారణాల్లో ఇదొకటి.

పుంజు లేదని హామీ ఇచ్చేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒకరోజు వయసున్న కోడిపిల్లల్లో ఆడా మగా వేరు చేయడం ఎప్పుడూ నూటికి నూరుపాళ్లు కుదరదు. పెట్ట అనుకుని తెచ్చినది కొన్ని వారాలకు తురాయి ఎర్రబడి కూత మొదలుపెట్టవచ్చు. 16 వారాలు దాటిన పెట్టలనే తెస్తే ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

సంఖ్య పరిమితి ఉన్నచోట మొదటి రోజే అన్నీ నింపకండి. రెండు మూడేళ్ల తర్వాత గుడ్లు తగ్గుతాయి, కోడి మాత్రం మరికొన్నేళ్లు బతుకుతుంది, లెక్కలోనూ ఉంటుంది. నాలుగుకు అనుమతి ఉంటే ముందు రెండు తెచ్చి, తర్వాత మరో రెండు చేర్చడం తెలివైన పని. కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాలి కాబట్టి ఆ చిన్న గూటికి కూడా పటంలో ఇప్పుడే చోటు చూపండి. ఆ గూడును తర్వాత చేరిస్తే మళ్లీ అనుమతి అడగాల్సి రావచ్చు.

అనుమతి వచ్చాక

స్థానిక అనుమతి వేరు, పశు ఆరోగ్య శాఖ దగ్గర నమోదు వేరు. ఉదాహరణకు ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబరు 1 నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి. అంతకుముందు 50, అంతకుమించి పక్షులున్నవారికే ఆ బాధ్యత ఉండేది. బర్డ్ ఫ్లూ వస్తే చుట్టుపక్కల ఎవరి దగ్గర కోళ్లున్నాయో వెంటనే తెలియాలన్నదే దీని ఉద్దేశం. అందుకే కోళ్లు హఠాత్తుగా ఒకదాని వెంట ఒకటి చనిపోతే పాతిపెట్టడమో చెత్తలో వేయడమో చేయకుండా ముందు పశువైద్యాధికారికి చెప్పాలి. కొక్కెర తెగులు (కోళ్లలో వేగంగా వ్యాపించే రాణీఖేత్ వ్యాధి) అనుమానం వచ్చినా అంతే.

అనుమతి సాధారణంగా మనిషికీ చిరునామాకీ కలిపి ఇస్తారు. ఇల్లు మారితే అది వెంట రాదు. గుడ్లు అమ్మడం, ఇంటి దగ్గర కోయడం దీని కిందికి వస్తాయని అనుకోవద్దు, వాటికి వేరే నియమాలుంటాయి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. దూరం చాలలేదంటే గూడు జరిపిన కొత్త పటంతో మళ్లీ పెట్టవచ్చు. స్థలం ఆకారం వల్ల అది కుదరకపోతే, నియమాల్లో మినహాయింపు అడిగే వీలుందో చూడాలి. అప్పీలుకు వెళ్లేవారు గడువు ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ముందే తెలుసుకోవాలి. చాలాచోట్ల అది ఉత్తరం మీదున్న తేదీ, చేతికందిన తేదీ కాదు.